బాబాయి చూపించిన పడక చోట్లు

మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో, కొత్తగా చేరిన కెమిస్ట్రీ మేడం తన ఫోను తెచ్చి నా టిఫిన్ బాక్సు పక్కన పెట్టింది. "మేడం, మీరు నరసరావుపేట రాకముందు మాచర్లలో చానా ఏళ్లు పనిచేశారంటగా, ఈ చోటు తెలుసా?" అని అడిగింది. అడవుల్లో, కొండల్లో రూపాయి కట్టకుండా టెంటు వేసుకుని పడుకోగలిగిన చోట్లను ఎవరో ఓపికగా పోగుచేసి మ్యాపులో గుర్తులు పెట్టారు. దుర్గి అవతల కొండల దగ్గర ఒక ఎర్ర గుర్తు ఉంది. దాన్ని నొక్కితే ఒక ఫొటో వచ్చింది. వెడల్పాటి నాపరాతి బండ, దాని వెనుక గుట్ట మీద పక్కకి వంగిన చండ్ర చెట్టు, బండ మీద పసుపు, నీలం రంగుల టెంట్లు. కింద ఎవరో రాశారు: నీళ్లు లేవు, బాత్రూం లేదు, సిగ్నల్ లేదు, మనుషులు లేరు. అన్నీ లేవని రాసి అయిదు నక్షత్రాలు ఇచ్చారు. "తెలుసమ్మా, చాలాసార్లు పడుకున్నాను అక్కడ" అన్నాను. ఆ అమ్మాయి నా నేత చీరనూ మోకాలి పట్టీనీ చూసి మర్యాదగా నవ్వి ఊరుకుంది. నమ్మలేదని అర్థమైంది. నేనూ రెట్టించలేదు. సిగ్నల్ లేదన్న మాట మాత్రం తప్పు. ఎక్కడ నిలబడాలో తెలిస్తే ఉంది.

నేను అడవులు పట్టి తిరగడానికి కారణం సాహసం కాదు, నిద్ర. మా అమ్మ తొమ్మిదేళ్లు మంచం మీద ఉంది. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి మాచర్లలో అద్దె ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. పగలు ఒక ఆయా చూసుకునేది, రాత్రి నేను. అమ్మ పిలిచేది కాదు, దగ్గేది. ఆ దగ్గుల్లో మంచినీళ్ల దగ్గు వేరు, పక్కకి తిప్పమనే దగ్గు వేరు, ఊరికే నేను ఉన్నానో లేదో చూసుకునే దగ్గు వేరు. ఎంత గాఢ నిద్రలో ఉన్నా ఏ దగ్గు దేనికో తెలిసి లేచేదాన్ని. ఆమె పోయాక అందరూ, ఇక నువ్వు హాయిగా నిద్రపోవచ్చు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఇంట్లో నిశ్శబ్దమే నన్ను లేపడం మొదలుపెట్టింది. దగ్గు వినపడలేదేమని ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. ఖాళీ మంచం చూసి, అప్పుడు గుర్తొచ్చి, తెల్లవారేదాకా అలాగే ఉండిపోయేదాన్ని. క్లాసులో వృక్షశాస్త్రం చెబుతూ చెబుతూ నిలబడే కునికిపాట్లు పడ్డాను ఒకరోజు. పిల్లలు నవ్వలేదు. దానికే నాకు భయమేసింది.

డాబా మీద పడుకుంటే కాస్త కునుకు పట్టింది. అయితే చుట్టుపక్కల డాబాల వాళ్లు తెల్లారగానే పలకరింపులు మొదలుపెట్టేవాళ్లు. ఒక సెలవు రోజు ఆన్‌లైన్లో చిన్న టెంటు తెప్పించాను. దాన్ని హాల్లో వేసి చూసుకుంటుంటే కూరగిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయి, "ఏందే, ఇంట్లో మళ్లీ ఇల్లు కట్టావు?" అంది. ఆ తర్వాత వీధిలో నా గురించి ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పినవాళ్లు లేరు గానీ, కూరగిన్నెలు మాత్రం ఎక్కువయ్యాయి.

చోటు దొరకడం అంత తేలిక కాదని స్కూటీ వేసుకుని తిరిగాక తెలిసింది. కాలవ గట్టు బాగుందనుకుంటే సాయంత్రానికి సీసాల వాళ్లు వచ్చారు. పాడుబడ్డ నాపరాతి క్వారీ ప్రశాంతంగా ఉందనుకుంటే దాని పక్క క్వారీ పాడుబడలేదు. కొండ మీద గుడి దగ్గర పూజారి, ఒంటరి ఆడమనిషివి, ఇక్కడ జరగరానిది జరిగితే మాకు మాట అని చేతులు జోడించాడు. మిరప చేల పక్కన పందుల కోసం కరెంటు తీగ పెట్టారని ఒక రైతు ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. భూమి ఇంత ఉంది, ఒక మనిషి పడుకోవడానికి ఆరడుగులు దొరకవా అని ఏడుపొచ్చింది నాకు. అలా తిరిగి తిరిగి ఒక శనివారం దుర్గి దాటి, కొండల కిందికి పోయే మట్టి బాటలో స్కూటీ ఆపి, ఎండిన వాగులో దిగాను. మెత్తటి ఇసుక, చదునైన నేల, రెండు వైపులా గట్టు. పరుపు పరిచినట్టు ఉంది. టెంటు సగం వేశానో లేదో, గట్టు మీద నుంచి ఒక గొంతు వినపడింది.

"ఏందమ్మా అది? యాడ పండుకుంటన్నావు?"

తలపాగా, భుజాన గొంగళి, వెనక తెల్లటి గొర్రెల మంద. డెబ్బయికి దగ్గర పడ్డ మనిషి. నేను ఎవరో, ఎందుకొచ్చానో అడగలేదు. నేను ఎంచుకున్న చోటు మీదే ఆయనకి కోపం. "పైన కొండల్లో వాన పడితే నీకు చెప్పి రావు నీళ్లు. ఈడ చుక్క పడకపోయినా వాగు వచ్చిద్ది. లే, లే" అని కసిరి, నా సంచీ తానే ఎత్తుకుని నడిచాడు. తీసుకెళ్లింది ఆ నాపరాతి బండ మీదికి. పగలంతా ఎండ తాగిన బండ, చీకటి పడ్డాక కూడా వెచ్చగా ఉంది. ఆయన తన మందను వాగు గట్టుకి దిగువన, గాలి తగలని పల్లంలో ముళ్లకంప దొడ్డిలోకి తోలి, "వాగు అలికిడి నాకు నిద్దట్లో కూడా తెలిసిద్ది, నీకు తెలవదు" అని కొంచెం దూరంలో గొంగళి పరుచుకున్నాడు. ఆ రాత్రి నేను ఒక దగ్గు విని దిగ్గున లేచాను. గొర్రెలు అచ్చం మనుషుల్లాగే దగ్గుతాయని నాకు అంతవరకూ తెలియదు. అమ్మ కాదు, గొర్రె అని తెలుసుకుని మళ్లీ పడుకున్నాను. కాసేపటికి ఇంకొకటి దగ్గింది. అది వింటూ వింటూ నిద్రపోయి, ఎండ మొహాన పడేదాకా లేవలేదు. ఏడాదిలో అదే మొదటి నిద్ర.

ఆయన్ని బాబాయ్ అని పిలవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మూడేళ్లపాటు, నెలకొకసారో రెండుసార్లో, ఆ కొండల కింద ఆయన మంద ఎక్కడుంటే అక్కడికి వెళ్లేదాన్ని. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు, నేనూ అంతే. ఇద్దరం చెరో చివర కూర్చుని ఆయన జొన్నరొట్టె, నేను తెచ్చిన పులిహోర పంచుకుని తినేవాళ్లం. చోటు చూడటం మాత్రం నేర్పాడు. చెట్టు కింద పడుకోబోతే ముందు తలెత్తి ఎండుకొమ్మ ఉందేమో చూడమనేవాడు. నీటిగుంటకి మరీ దగ్గరగా వద్దనేవాడు, దాహమేసిన జంతువు దారికి అడ్డం ఉండకూడదని. అటవీ శాఖ వాళ్లు పాతిన హద్దురాయి దగ్గరికి తీసుకెళ్లి, "దీనికవతల పులిది. మనం పోకూడదు. ఇవతల మనది" అని చూపించాడు. ఇవతలదైనా కాగితం మీద మా ఇద్దరిదీ కాదు. అయినా ఆయన 'మనది' అన్నప్పుడు నాకు ఆస్తి పంచి ఇచ్చినట్టుండేది.

మూడో ఏడు దసరా సెలవులు అయిపోయే ముందు వెళ్లాను. పొద్దున పది గంటలైనా మంద ఇంకా ఆ నాపరాతి బండ దిగువ దొడ్డిలోనే ఉంది. మందకి కాపలా ఉండే కుక్క నన్ను చూసి మొరగలేదు, మూలిగింది. బాబాయి గొంగళి కప్పుకుని వణుకుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి తీస్తుంటే గరగర శబ్దం. ఆ శబ్దం నాకు తెలుసు. అమ్మ చివరి నెలల్లో విన్నదే. స్కూటీ మీద ఎక్కించుకుపోతానంటే తల అడ్డంగా ఊపాడు. "గొర్లనొదిలి నేను యాడికీ రాను. నువ్వు పో" అన్నాడు. బండ వెనుక గుట్ట ఎక్కి, వంగిన చండ్ర చెట్టు పక్కన నిలబడితే ఫోను పలుకుతుందని ఆయనే ఎప్పుడో చూపించాడు. అక్కడ్నుంచి అంబులెన్సుకి చెప్పాను, ఊళ్లో ఉన్న ఆయన భార్యకి చెప్పాను. అంబులెన్సు మట్టి బాట దాకా వచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని నడిచి వచ్చారు. అప్పుడూ ఆయన కదలనన్నాడు.

"బాబాయ్, నేనుంటా" అన్నాను. అనాలని అనుకోలేదు, వచ్చేసింది.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "నువ్వా?" అన్నాడు. నేను తలూపాను. "దొడ్లోనే ఉంచు. బయటికి తీయబాక. మీ పిన్ని వచ్చిద్ది" అని కళ్లు మూసుకున్నాడు. వాళ్లు ఎత్తుకుపోయారు.

పిన్ని ముందు మాచర్ల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ్నుంచి గుంటూరు పొమ్మన్నారట. అల్లుణ్ణి ఆయన వెంట పంపి తాను ఇక్కడికి చేరేసరికి మర్నాడైంది. అంటే అప్పటిదాకా అరవై గొర్రెలు, ఒక కుక్క, నేను. క్లాసులో అరవై మందిని అదుపులో పెట్టే మనిషిని కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. రేల చెట్ల కొమ్మలు విరిచి దొడ్డిలో వేస్తే కొన్ని తిన్నాయి, కొన్ని నన్ను చూసి మొహం తిప్పుకున్నాయి. మధ్యాహ్నం దాటాక పడమట కొండల మీద మబ్బు నల్లగా కమ్మింది. మా నెత్తిన ఎండే. ఒక్క చుక్క లేదు. కొండల వెనక ఉరుములు మాత్రం వినపడుతున్నాయి. దొడ్డి చూస్తే వాగు గట్టు పల్లంలో ఉంది. కదిలించొద్దని చెప్పింది ఆయనే. పైన వాన పడితే చెప్పి రాదని మొదటి రోజు కసిరింది కూడా ఆయనే. ఈ రెండు మాటల మధ్య నిలబడి ఎంతసేపు తల్లడిల్లానో చెప్పలేను. అంతవరకూ నా ఒక్కదాని ఒంటికి చోటు చూసుకున్నాను. తప్పైతే నాకే అయ్యేది. ఇప్పుడు తప్పు చేస్తే ఒక మనిషి జీవితమంతా పోతుంది. అడగడానికి ఎవరూ లేరు. అంత ఒంటరితనం అమ్మ పోయిన రోజు కూడా నాకు తెలియలేదు.

ముళ్లకంప లాగి దారి తీశాను. ఒక్క గొర్రె కదల్లేదు. ఆయన పిలిచే కూత నేను కూస్తే నా గొంతుకి అవి బెదిరి మూలకి పోయాయి. కుక్క నా వైపు జాలిగా చూసింది. చివరికి నెలల పిల్లనొకదాన్ని చంకనేసుకుని బండ వైపు నడిచాను. తల్లి అరుచుకుంటూ వెంట వచ్చింది, తల్లి వెనక ఇంకొకటి, దాని వెనక పది, ఆ తర్వాత మంద మొత్తం. నల్లచెవుల ముసలి గొర్రె ఒకటి మాత్రం దొడ్డి మూల నుంచి రాలేదు. మళ్లీ దిగి మెడ పట్టి లాగాను, కాళ్లు నేలకి తన్నిపట్టింది. మోకాలి మీద పడ్డాను. ఈ పట్టీ అప్పటిదే. అంతలో పై నుంచి లారీలు వస్తున్నట్టు మోత వినిపించింది. దాన్ని వదిలేసి పరుగెత్తాను. వాగు ఎర్రగా, ముళ్లకంపనీ కొమ్మలనీ దొర్లించుకుంటూ వచ్చి దొడ్డిని తుడిచిపెట్టింది. పొద్దింకా కుంకలేదు. అంతా వెలుతురులోనే కళ్లారా చూశాను.

ఆ రాత్రి బండ మీద గొర్రెల మధ్య కూర్చుని, ఏది దగ్గినా లేచి చూశాను. మర్నాడు పిన్ని వాగు తగ్గాక దాటి వచ్చింది. దొడ్డి ఉన్న చోట బురద చూసింది, బండ మీద మంద చూసింది. కళ్లతోనే లెక్క చూసుకుంది. నేను నల్లచెవిదాని సంగతి చెప్పబోయి, ఆ బురద వైపు చెయ్యి చూపించాను. ఆమె వంగి, బురద ఎండిన నా చీర కుచ్చిళ్లు దులిపి, "అన్నం తిన్నావా?" అంది. అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయిన నాలుగేళ్లకి, గొర్రెల మధ్యలో, పెద్దగా ఏడ్చాను.

బాబాయి బతికాడు గానీ ఊపిరితిత్తుల్లో బలం పోయింది. మంద అమ్మేశారు. నాకు నరసరావుపేట బదిలీ అయింది. ఆయన్నీ కూతురు ఇక్కడికే తెచ్చుకుంది. రైల్వే గేటు అవతల రెండు గదుల ఇల్లు. ఒక ఆదివారం చూడబోయాను. ఫ్యాను కింద మంచం మీద, తలపాగా లేకుండా, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నల్లచెవిదాని విషయంలో నేను తప్పు ఒప్పుకోబోతే చెయ్యెత్తి ఆపాడు. "అది మొండిది. నేనున్నా వచ్చేది కాదు" అని ఆ మాట అక్కడితో తుంచేశాడు. ఫ్యాను వైపు చూసి, "ఈడ నిద్ర పట్టటం లేదమ్మా. ఒక్కటీ దగ్గదు" అన్నాడు. నాకు తెలిసిన మందు ఆయన ఇచ్చిందే. దాన్ని ఆయనకి తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు.

"ఇప్పుడు యాడ పండుకుంటన్నావు?" అని ఆయనే అడిగాడు. వినుకొండ వైపు కొండల్లో ఈమధ్య నేను ఒక్కదాన్నే వెతికి పట్టుకున్న చోటు గురించి చెప్పాను. గాలి ఎటునుంచి అని అడిగాడు. పడమటి నుంచి, అడ్డంగా రాతిగుండు ఉంది అన్నాను. వాగు ఎంత దూరం, నెత్తిన ఏమన్నా కొమ్మ ఉందా, పక్కనున్న చేను ఎవరిది, వాళ్లకి చెప్పావా. ఒక్కొక్కటీ అడిగాడు, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. కళ్లు మూసుకుని వింటూ వింటూ ఆ చోటికి నడిచి వెళ్లినట్టున్నాడు. "బానే ఉంది" అని గొణిగి పక్కకి తిరిగాడు. ఊపిరి గరగర నెమ్మదించింది. ఆయన కూతురు టీ తెస్తే మాట్లాడొద్దని సైగ చేశాను.

బాబాయి ఇప్పుడు లేడు. నేను ఇంకా వెళుతూనే ఉన్నాను, ఎప్పుడూ ఒక్కదాన్నే. అన్నేళ్లు నేను వెతికింది చోటు కోసమనే అనుకున్నాను. ఆ కొండలు, ఆ బండలు ఎక్కడికీ పోలేదు. వాటి మీద నా పక్కన ఎవరో ఉన్న కాలమే, నేను నిద్రపోతున్నప్పుడు, చప్పుడు లేకుండా లేచి వెళ్లిపోయింది.