నా గుండె కోసం సంఘమంతా ఉపవాసమున్న వారం

మేం ఢిల్లీలో పెరిగిన ఆ రోజుల్లో రహస్యమనేది మా గడప తొక్కి ఎరగదు. ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపుకు తెలిసేది, తర్వాతే డాక్టరుకు. దీనికంతటికీ మా అమ్మే కారణం. అమ్మ ప్రసూతి వార్డులో నర్సు (ఆ వార్డులో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు చేరరు, వాళ్ల గుండెల సంగతి అమ్మకు తెలీదు, అదే నా ఖర్మ). నేనేమో పదకొండో తరగతి, స్కూలు ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు ఆడేదాన్ని. ఆ శనివారమే రాష్ట్ర జట్టుకు ఎంపిక. నాకు అన్నం, నిద్ర, చదువు అన్నీ ఆ శనివారమే.

ఎంపికకు ముందు ఆడపిల్లలందరికీ గుండె పరీక్ష చేయించాలని కోచ్ పట్టుబట్టారు. మంచిదే. ఈసీజీ తీసిన భయ్యా కాగితం చూసి, "అచ్ఛా, దిల్ బహుత్ ధీరే చల్ రహా హై" అన్నాడు, గుండె మరీ నిదానంగా కొట్టుకుంటోందని. అంతే, అమ్మ ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. లోపల డాక్టరు స్కానింగ్ కూడా చేసి, రోజూ పరిగెత్తేవాళ్ల గుండె ఊరికే ఉన్నప్పుడు ఇలా నిదానంగా కొట్టుకోవడం మామూలేననీ, నీది భేషుగ్గా ఉందనీ, హాయిగా ఆడుకోమనీ చెప్పి రాసిచ్చాడు. బయటికొచ్చేసరికి గ్రూపులో మెసేజ్: "మా పాప గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ప్రార్థించండి."

"బాగుందన్నాడు కదమ్మా! గ్రూపులో చెప్పెయ్యి!"

"ఎలా చెప్పనే? ఆంటీలందరూ ఉపవాసం మొదలెట్టేశారు. మధ్యలో ఆపమంటే ఏం బాగుంటుంది?"

శనివారం ఆ ఆంటీలందరూ గ్రౌండుకే వచ్చేశారు. బంతి నా కాలికి దొరికింది, ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. "అమ్మాయ్, పరిగెత్తకే తల్లీ! గుండె జాగ్రత్త!" అని మైదానం అంచు నుంచి ఒకటే కేకలు. నేను అటు చూసేసరికి బంతి పోయింది. కోచ్ "ఆంటీజీ, ప్లీజ్!" అని చేతులు జోడించారు. సెలెక్టర్ అనుమానంగా చూశాడు. డాక్టరు కాగితం చూపిస్తే "ఠీక్ హై, ఠీక్ హై" అన్నాడు గానీ, సాయంత్రం చదివిన పేర్లలో నాది లేదు. బస్సులో ఇంటిదాకా ఏడ్చాను. మర్నాడు ఆరాధనలో అమ్మ లేచి, మా పాప గుండె బాగైందని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కూడా నిలబెట్టారు, ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు ఢిల్లీలోనే, సాకేత్‌లో కుర్చీ ఉద్యోగం. మొన్న ఆఫీసు వాళ్లు చేయించిన ఆరోగ్య పరీక్షల్లో నా గుండె వేగంగా కొట్టుకుంటోందనీ, కాస్త వ్యాయామం చేయమనీ అన్నారు. నోరు జారి అమ్మతో అన్నాను.

"అయ్యో, గ్రూపులో పెట్టనా?"

"వద్దమ్మా తల్లీ! ఈసారైనా నన్ను పరిగెత్తనివ్వు."

మర్నాడు పొద్దున్నే పార్కుకు వెళ్లి పరుగు మొదలెట్టాను. సగం చుట్టు కూడా కాలేదు. ఆపమని ఎవరూ అరవలేదు, నేనే ఆగిపోయి నవ్వుకున్నాను.