భానక్క బంగారు దుప్పి పాఠం

నిన్న పొద్దున్న స్టాఫ్ రూమ్‌లో ఉండగా ఫోన్ మోగింది. భానక్క తమ్ముడు.

"అక్క ఎల్లిపోనాదమ్మా" అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగాను.

అవతల ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. భానక్క రాయగడలో మా స్కూల్ డ్రాయింగ్ టీచర్. నేను అక్కడే కంప్యూటర్ టీచర్‌ని. వాళ్ల నాన్నగారు మునిసిపాలిటీలో కుళాయిలు బాగుచేసేవారు.

వేల ఏళ్ల కిందట గడ్డి మైదానాల్లో గుర్రాల మీద తిరిగిన సంచార జాతులు బంగారంతో, తోలుతో చేసిన జంతువుల బొమ్మలంటే అక్కకు పిచ్చి. ఎక్కడెక్కడి మ్యూజియంల ఫొటోలనో నెట్‌లో వెతికింది. నా దగ్గర సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. స్మార్ట్ బోర్డు మీద పిల్లలు వేలితో తిప్పి చూసుకునేలా పాఠాలు తయారుచేసింది.

రెండేళ్లు పట్టింది.

ఒకసారి ఆ క్లాసులో నేనూ కూర్చున్నాను. బోర్డు మీద బంగారు దుప్పి. పిల్లలు కొమ్ముల్ని జూమ్ చేశారు. ఒక్కో కొమ్ము చివర ఒక్కో పక్షి తల! క్లాసంతా ఒకటే కేకలు. అక్క ముందుగా చెప్పలేదు, వాళ్లనే కనుక్కోనిచ్చింది.

దుప్పి కాళ్లు కడుపు కిందకి మడిచి ఉన్నాయి. ఐదో క్లాసు లావణ్య లేచింది.

"టీచర్, ఇది పడుకున్నాదా, ఎగురుతున్నాదా?"

"నాకూ తెల్దమ్మి. సదూకున్నోలే తేల్సుకోలేకపోతన్నారు. నీకేటనిపిస్తే అదే గియ్యి."

ఈ ఏడాది డ్రాయింగ్ పీరియడ్ తీసేశారు. స్మార్ట్ బోర్డు కోచింగ్ రూమ్‌కి వెళ్లిపోయింది. వారానికి ఒక్క పీరియడైనా ఇమ్మని అక్క రెండుసార్లు అడిగింది.

ఇవ్వలేదు.

ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్‌కి కోరాపుట్ వెళ్తుంటే ఒకరోజు తోడు వెళ్లాను. రైలు కకిరిగుమ్మలో ఆగినప్పుడు అడిగింది.

"నా పాఠాలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించీసినావేటే?"

"ఎక్కించీసేనక్కా."

"అయితే సాల్లే. ఎవులో ఒకలు సెప్తారు."

అబద్ధం. నేను ఎక్కించలేదు. సోమవారం చేద్దాం అనుకున్నాను. సోమవారం పరీక్షల పని. మంగళవారం ఇంకేదో.

నేను సెలవులో ఉండగా ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేశారు. అక్క ఫోల్డర్ పోయింది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. ఇంకెక్కడా కాపీ లేదు. అన్నిచోట్లా వెతికాను.

ఈ మాట చెప్పే ధైర్యం లేక చివరి రెండు వారాలు నేను అక్కను చూడ్డానికే వెళ్లలేదు.

నిన్న అక్క అంత్యక్రియలకి పిల్లలెవరూ రాలేదు. వాళ్లకు పరీక్ష.

స్కూల్ గ్రూపులో "ఆవిడ పాఠాలు ఎప్పటికీ బతికే ఉంటాయి" అని రాస్తున్నారు. దండం ఎమోజీలు పెడుతున్నారు.

ఉండవండీ. ఆ పాఠాలు లేవు. నా వల్లే లేవు.

భానక్కా, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. సూదుల బాధ తీరింది. హాయిగా నిద్రపో అక్కా.