కార్డు మీద రాయని పేరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా కరీంనగర్ వచ్చాను. తల్లిదండ్రులు పోయారు, పెళ్లి కాలేదు. దసరా సెలవులకు అందరూ ఇళ్లకు వెళ్తే, నేను ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డున మొక్కలు సేకరిస్తూ తిరిగాను. రోజుల తరబడి పలకరించే మనిషి లేక, మొక్కలతోనే పైకి మాట్లాడటం అలవాటైంది.

ఒకరోజు పల్లేరు తీగ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఇంత ఎండలో ఎలా పూశావే తల్లీ?" అంటున్నాను. ఒక ముసలాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"లే బిడ్డా, ఇంటికి పోదాం రా."

నా మాసిన గడ్డం, సంచి నిండా పిచ్చిమొక్కలు చూసి నాకు మతి తప్పిందనుకున్నాడని అర్థమైంది. అయినా చెయ్యి విడిపించుకోలేకపోయాను.

ఇంట్లో ఆయన భార్య జొన్నరవ్వతో వండిన గటకలో మజ్జిగ పోసి పెట్టింది. నేను తిన్నాక ఆయన పోస్టుకార్డు తీశాడు.

"మీ ఇంటోళ్ల పేరు చెప్పు. కార్డు రాస్తే వచ్చి తోల్కపోతరు."

చెప్పడానికి ఒక్క పేరూ లేదు. ఏడ్చేశాను.

"పరేషాన్ గాకు బిడ్డా," అందామె. "యాదికొచ్చేదాక ఈడనే ఉండు."

ఇక సిగ్గేసి, జేబులోంచి, నేను లెక్చరర్‌నని కాలేజీవాళ్లు రాసిచ్చిన ఉత్తరం తీసి చూపించాను. చదివి ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"తప్పైంది సారూ. మీరు పెద్ద సదువుకున్నోళ్లని తెల్వలే."

తర్వాత ఇద్దరూ నా ముందు కూర్చోనేలేదు.

ఆ ఉత్తరం ఇంకో పూట ఆగి చూపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.