విమల గారు తెరిపించిన డబ్బా

2023 వానాకాలం. సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం దగ్గరి ఒక ఊళ్లో, పంచాయతీ ఇచ్చిన గదిలో, ఆయాసం ఉన్నవాళ్లకు వారానికి రెండు రోజులు క్లినిక్ నడిపేవాళ్లం. నేను కోఆర్డినేటర్‌ని. ఖర్చు ఒక మందుల కంపెనీ పెట్టుకునేది. ఆ ఏడు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: థర్డ్ పార్టీ ఎవాల్యుయేషన్ రిపోర్టు దసరాలోగా పంపాలి, లేకపోతే మార్చితో ఆపేస్తాం. అంటే, మాతో ఏ సంబంధమూ లేని మనిషి వచ్చి, మా పని వల్ల జనానికి మేలు జరుగుతోందా లేదా చూసి రాయాలి.

ఆ క్లినిక్ మొదలుపెట్టిన నర్సు నా భార్య సరస్వతి. ఆమె పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆమె చోట కొత్త నర్సు వచ్చినా, రిజిస్టర్‌లో చాలా పేజీలు ఆమె చేతిరాతే. ఆ గదికి తాళం వేసే పని నా వల్ల కాదనుకున్నాను.

డిగ్రీలు చూసి హైదరాబాద్ నుంచి ఒకాయనను పిలిచాను. ముందురోజు క్లినిక్‌కు వచ్చేవాళ్లకు చెప్పాను, "పెద్దసార్ వస్తున్నారు, కాస్త మంచిగా చెప్పండి" అని. మర్నాడు ఆయన ఫోకస్ గ్రూప్ పెట్టారు. కొందరిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడాన్ని అలా అంటారు. అందరి తరఫునా బాలమణి మాట్లాడింది. వ్యవసాయదారుల ఇంటి పెద్ద కోడలు, నోరు గట్టిది.

"దమ్ము మొత్తం పోయింది సార్. ఉరుకుమంటె ఉరుకుతం." అక్కడ ఆయాసాన్ని దమ్ము అంటారు.

ఆయన భోజనాల వేళకే వెళ్లిపోయారు. వారం తర్వాత రిపోర్టు డ్రాఫ్టు వచ్చింది: లక్ష్యం నెరవేరింది, కార్యక్రమం ఇక అవసరం లేదు.

బాలమణి దగ్గరికి వెళ్లి అడిగాను.

"నువ్వే గద సారూ మంచిగ చెప్పుమంటివి. నీ ఇజ్జత్ కాపాడినం."

"నిజంగా తగ్గిందా?"

"ఏడ తగ్గింది? బాయికాడికి పొయ్యేసరికి మూడుసార్లు కూసుంట."

జరిగింది కంపెనీకి రాసి, ఇంకో నెల గడువు అడిగాను. ఇచ్చారు. మళ్లీ వెతుకులాట. ఇద్దరు ఖాళీ లేదన్నారు. మూడో ఆయన, "రిపోర్టు ఎట్ల రావాల్నో చెప్పండి సార్, అట్లనే రాద్దాం" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. మొదట నేను కోరుకున్నది కూడా అదే.

చివరికి సంగారెడ్డిలో విమల గారు దొరికారు. నర్సింగ్ కాలేజీలో చాలా ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యారు. ఒకే షరతు పెట్టారు: "నేను వెళ్లే రోజుల్లో మీరు ఊళ్లో ఉండొద్దు."

నాలుగు రోజులు బస్సులో వెళ్లివచ్చారు. బాలమణి వాళ్ల అరుగు మీద పెసరకాయలు ఒలుస్తూ కూర్చున్నారట. మూడో రోజు, "మీ మందు చూపించండి" అంటే బాలమణి లోపలి నుంచి స్టీలు డబ్బా తెచ్చింది. నిండా ఇన్‌హేలర్లు. అవి రోజూ రెండు పూటలా పీల్చాల్సినవి. చాలావాటికి సీలు కూడా తీయలేదు.

"పానం మీదికొస్తెనే తీస్త మేడం. కంపెనోళ్లు ఎన్నాళ్లిస్తరు? ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. మా సరస్వతమ్మ ఇచ్చినయి, పైలంగ దాచుకున్న."

తర్వాత చాలా ఇళ్లలో అలాంటి డబ్బాలే బయటపడ్డాయి. మా రిజిస్టర్‌లో ఇచ్చిన మందు ఉంది, పీల్చిన మందు లేదు.

రిపోర్టు నా బల్ల మీద పెట్టి విమల గారు అంతా చెప్పారు.

"డబ్బాల సంగతి రాయక తప్పదా?" అన్నాను.

"రాయకపోతే నన్నెందుకు పిలిచారు?"

ఒక్క అక్షరం మార్చకుండా పంపాను. కంపెనీ మరో ఏడాది పొడిగించింది. ఇక నుంచి నర్సు ఇళ్లకు వెళ్లి, దగ్గరుండి మందు పీల్పించాలన్నది షరతు.

తర్వాత ఒకరోజు బాలమణిని అడిగాను, "సరస్వతికి ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె నా ముఖం చూడలేదు. "గంత మంచిమనిషికి ఎట్ల చెప్త సారూ? దినాం పీలుస్తున్నవా అని అడిగేటిది. ఊఁ అంటుంటి. మస్తు సంబరపడుతుండె."

ఎవాల్యుయేటర్‌కు ఏ అర్హత ఉండాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఊళ్లోవాళ్లకు ఆ మనిషి మీద ప్రేమ ఉండకూడదని చెబుతాను. డిగ్రీల మాట ఆ తర్వాతే.