నడుం నిలబెట్టిన మాస్టారు

మా వ్యాయామం మాస్టారు పోయారని మొన్న సోమవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పెడనలో మా కలంకారీ షెడ్డులో అచ్చు వేస్తున్నాను అప్పుడు. చేతిలోని చెక్క అచ్చు పక్కన పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. నేనలా నిటారుగా నిలబడగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

నాలుగేళ్ల కిందట నా నడుం పట్టేసింది. ఇరవై ఏళ్లు బల్ల మీదికి వంగి పనిచేసిన నడుం. కిందపడ్డ గుడ్డ తీయాలన్నా ఎవరినో ఒకరిని పిలిచేదాన్ని. ఇక పని మానేయాల్సిందేనని భయపడ్డాను. ఎముకల్లో లోపం లేదని, పొట్ట, నడుం కండరాలకు బలం కావాలని, తెలిసినవాళ్ల దగ్గర వ్యాయామం నేర్చుకోమని డాక్టరు గారు చెప్పారు. అలా బందరులో మాస్టారి దగ్గరకు వెళ్లాను. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరై, ఇంటి ముందు రేకుల షెడ్డులో చిన్న జిమ్ము నడుపుతున్నారు.

గుమ్మంలోనే ఆగిపోయాను. "ఈ వయసులో నాకెందుకండీ ఇవన్నీ?"

"కుర్చీలో కూర్చుని లేవడం వచ్చుగా అమ్మా? అయితే సగం వచ్చేసినట్టే."

నెల రోజులు కుర్చీతోనే సరిపోయింది. ఆ తర్వాత నాలుగు కిలోల కెటిల్‌బెల్ చేతికిచ్చారు. కెటిల్‌బెల్ అంటే, పైన పిడి ఉన్న ఇనుప గుండు.

"రెండు చేతులతో గుండెకు దగ్గరగా పట్టుకో. కాళ్లు భుజాల కంటే కొంచెం ఎడంగా. ఊపిరి పీల్చి పొట్ట బిగించు. ఇప్పుడు నెమ్మదిగా కూర్చో. మడమలు లేవకూడదు, మోకాళ్లు లోపలికి పడకూడదు. ఊపిరి వదులుతూ లే."

బరువు ముందుంటే అది మనల్ని ముందుకు లాగుతుందట. తూలిపోకుండా ఆపడానికి పొట్టా వీపూ కలిసి పనిచేస్తాయట. ఎనిమిది బాగా చేసి తొమ్మిదోది వంకరగా చేస్తే అక్కడితో ఆపించేసేవారు. "అంకె కోసం కాదమ్మా, నడుం కోసం చెయ్యి," అనేవారు. అందరూ వెళ్లాక గుండ్లన్నీ పాత తువ్వాలుతో తనే తుడుచుకునేవారు. ఆ పని ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఆరు నెలలకు, కాలవలో జాడించిన తడిగుడ్డల మూట నేనే ఎత్తాను. ఫోన్ చేసి చెబితే, సంతోషమని కూడా అనకుండా "ఎలా ఎత్తావు?" అని అడిగారు.

"కూర్చుని, పొట్ట బిగించి."

"అదీ!" అన్నారు.

నిరుడు జబ్బుపడి, గుడివాడలో కూతురి ఇంటికి చేరారు. చూడడానికి వెళ్లాను. "లేవలేకపోతున్నానమ్మా," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఎదురుగా నిలబడి చేతులు చాచాను.

"మడమలు నేలకు ఆనించండి మాస్టారూ. పొట్ట బిగించండి. ఊపిరి వదులుతూ లేవండి."

మూడోసారికి లేచారు. కాళ్లు వణుకుతున్నాయి కానీ మొహం వెలిగిపోతోంది. "నువ్వే మాస్టారివైపోయావే!" అన్నారు. రెండు నెలలు తిరిగేసరికి వీధి చివరిదాకా నడిచారు. చివరి వరకూ తన కాళ్ల మీదే తిరిగారు.

అంత్యక్రియలకు వెళ్లొచ్చిన మర్నాడు, పక్క బల్ల దగ్గర పనిచేసే వదిన నడుం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"మీ మాస్టారు నేర్పింది నాకూ చెప్పవే."

వదిన వెనక స్టూలు వేశాను. మంజిష్ఠ ఎరుపు అంటిన చేతులు ముందుకు చాచి, బితుకుబితుకుమంటూ కూర్చుంది, లేచింది. మళ్లీ కూర్చుంది. బయట తీగల మీద ఆరేసిన గుడ్డలు గాలికి ఊగుతున్నాయి. మూడోసారి దేన్నీ పట్టుకోకుండా లేచి, తనను చూసి తనే ఆశ్చర్యపోతూ నవ్వింది.