చంద్రి చెప్పిన పేరు

పాతికేళ్ల కాపురంలో చంద్రి మొగుడి పేరు ఒక్కసారీ పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పింది. నెల్లికుదురు పక్కన వాళ్ల తండాలో పెద్దాడవాళ్లందరికీ ఆ పట్టింపే. మిగతా విషయాల్లో చంద్రి ఎవరి మాటా వినే రకం కాదు.

మొగుడు హన్మంత్ పరాయి రాష్ట్రంలో ఓ నగరానికి మేస్త్రీ పనికి పోయాడు. టీ బండి దగ్గర తోటివాడితో లంబాడీలో మాట్లాడుతుంటే పోలీసులు ఈడ్చుకుపోయారు. నువ్వు బంగ్లాదేశ్ వాడివన్నారు. ఆధార్ చూపిస్తే నకిలీదన్నారు. రెండు రోజుల్లో సరిహద్దు అవతలికి తోసేస్తామన్నారు. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన మనిషిని!

చంద్రి మిరప చేనులో ఉండగా హన్మంత్ నంబరు నుంచి ఫోనొచ్చింది.

"నీ మొగుడి పేరేంటి?" హిందీలో గద్దించాడొక పోలీసు.

"మా పోరల నాయిన, సారూ."

"పేరు చెప్పు!"

చంద్రి ఫోను పక్కసాలులో కాయలేరుతున్న రాజీ ముందు పెట్టింది. "జర నువ్వు చెప్పవే."

"హన్మంత్" అంది రాజీ.

"మొగుడి పేరు పక్కదాన్నడిగి చెప్తోంది, దొంగముండ!" పోలీసు పగలబడి నవ్వాడు. వెంటనే లాఠీ దెబ్బ. హన్మంత్ కేక. ఇంకో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు చేలో ఇద్దరికీ వినబడింది. ఫోను ఆగిపోయింది. చంద్రి మిరప మొక్కను వేళ్లతో సహా పెరికి నేలకేసి బాదింది.

ఆ సాయంత్రమే, తోటివాడు ఫోన్లో చెప్పిన వివరాలతో మానుకోటలో వకీలు శారద కాళ్ల మీద పడింది.

"లే చంద్రక్కా. పట్టుకున్నోళ్లను ఇరవై నాలుగు గంటల్ల జడ్జి ముందట నిలబెట్టాలె. కొట్టే హక్కు ఎవ్వనికీ లేదు" అంది శారద. ఆ నగరంలో తనకు తెలిసిన వకీలుతో అప్పటికప్పుడే కోర్టులో అర్జీ వేయించింది. హన్మంత్ బడి సర్టిఫికెట్టు, మామ పేరున్న పాత ఓటరు జాబితా కొంగున కట్టుకుని చంద్రి శారదతో రైలెక్కింది.

జడ్జి ఆదేశిస్తే హన్మంత్‌ను తెచ్చారు. ముందు పళ్లు లేవు. ఒక కన్ను మూసుకుపోయింది. తాపీ పట్టే కుడిచెయ్యి వాచి వేలాడుతోంది.

"ఈ కాగితాలు వేరేవాడివి. భార్యనంటున్న ఈమె ఇతని పేరే చెప్పలేకపోయింది" అన్నాడు పోలీసు. అదే గొంతు.

జడ్జి చంద్రి వైపు తిరిగాడు. ఆమెకు అత్త మాట గుర్తొచ్చింది. పేరు పలికితే జరిగే కీడు ఈ దెబ్బలకన్నా ఎక్కువా, అనుకుంది.

"బానోత్ హన్మంత్! నా మొగడు!" గోడలదిరేలా అరిచింది.

జడ్జి కాగితాలన్నీ చూసి, ఇతను ఈ దేశంవాడే, వదిలేయండన్నాడు.

హన్మంత్ విరిగిన చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "గీ మాట గా దినమే అంటే నా చెయ్యి దక్కుతుండె గదనే" అన్నాడు లంబాడీలో.

చంద్రి గుండె భగ్గుమంది. గిర్రున పోలీసు వైపు తిరిగింది.

"నా మొగని పేరు చెప్పిన. నా మొగణ్ని కొట్టినోని పేరేంది? గది గూడ రాయుండ్రి సారూ!"

పోలీసు చొక్కా మీది పేరు బిళ్లను అరచేత్తో కప్పుకున్నాడు.