తూము లోపలి మనిషి

మా విజయనగరంలో తెల్లవారేసరికి కూడలిలో కొత్త ఫ్లెక్సీ కనిపిస్తే ముందు మొహం చూస్తాం, తరువాత దాని చుట్టూ ఏ పూలున్నాయో చూస్తాం. తెల్లపూలు, అటూ ఇటూ దీపాలు ఉంటే ఇక చదవక్కర్లేదు. నడక దానంతటదే నెమ్మదిస్తుంది. చెప్పులు విప్పి దండం పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఆ పుష్యమాసపు పొద్దున మంచులో నేను చూసిన మొహం, మున్సిపాలిటీలో కాలవల పూడిక తీసే మేస్త్రీది. నేను పత్రికలో చేరిననాటికే ఆయన కాలవల్లో ఉన్నాడు. నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ సాయంత్రం సన్మానం, వార్త రాయడానికి నన్నూ రమ్మన్నారు. ఫ్లెక్సీ మీదా అదే రాసి ఉంది. కానీ ఫ్లెక్సీల కొట్టువాడు అలవాటు కొద్దీ తెల్లపూల చట్రమే వేసేశాడు. మున్సిపల్ ఆఫీసులో దొరికిన పాత నలుపు తెలుపు ఫొటో పెట్టాడు. మంచు కారి, ఆ కళ్ళ కింద తడి గీతలు పడ్డాయి.

దాని ముందు ఒకామె ఎండుచేపల గంప దించి నిలబడి ఉంది. మేస్త్రీ భార్య. బజారులో రోజూ చూసే మనిషే. ఏడవడం లేదు.

“బాబూ, ఏటి రాసుందో సదువు.”

“సాయంత్రం సన్మానం చేస్తారట, అమ్మా. అభినందనలని రాశారు.”

“అబద్దం. నాను తట్టుకోనేనని అలగ సెప్తన్నావు.”

“నిజమే చెబుతున్నాను. పొద్దున ఇంట్లో లేడా?”

“సీకట్నే ఎలిపోనాడు. బజారు రోడ్డు కింద తూములో దిగాలన్నాడు.” మళ్ళీ పైకి చూసింది. “అక్కడ దిగినోడి మొకం ఇక్కడికెలాగొచ్చినాది?”

అప్పుడే ఒక ఆటో ఆగింది. డ్రైవరు ఫ్లెక్సీకి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది చూసి, గంప అక్కడే వదిలేసి ఆమె నడిచింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

తూము దగ్గర ఎవరూ లేరు. గట్టు మీద చొక్కా మడతపెట్టి ఉంది, దాని పక్కన చెప్పులు. లోపలి చీకట్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. వంగి “మేస్త్రీ!” అని కేకేశాను. ఆ కేక లోపలికి పోయి, కాస్త ఆలస్యంగా, ఎవరో ముసలివాడి గొంతులా తిరిగొచ్చింది.

“పేరెట్టి పిలు బాబూ,” అందామె.

“నువ్వే పిలువమ్మా.”

“మొగుడి పేరు పిలిస్తే ఆయుస్సు తగ్గిపోద్ది. ఇయేల మరీ పిలకూడదు.”

ఇన్నేళ్ళూ మేము ఆయన్ని మేస్త్రీ అనే పిలిచాం. పేరు నాకు తెలిసింది ఫ్లెక్సీ మీదే. తెల్లపూల మధ్య చదివిన పేరును ఆ చీకట్లోకి అరవడానికి నోరు రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని కుదిపింది. అరిచాను.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి, మా కాళ్ళ కిందినుంచి, రోడ్డు అడుగున ఎక్కడో, “ఎవుళ్ళది?” అని వినిపించింది.

ఆమె గబుక్కున వంగి రోడ్డుకు చెవి ఆనించింది. “మళ్ళీ అను!”

“ఏటనాలే? ఒస్తన్నాను, ఉండు!”

మెడ దాకా నల్లటి బురదతో బయటికొచ్చాడు. ఆమె దగ్గరకు పోలేదు, ఒకడుగు వెనక్కి వేసింది.

“నువ్వేనా?”

“కాదు, మీ మావని. గంపెక్కడెట్టినావే? కుక్కలు తినెత్తాయి!”

అప్పుడు కూలబడి ఏడ్చింది.

కడుక్కుని కూడలికి వచ్చాక, ఆయన ఫ్లెక్సీ చూసుకుని మురిసిపోయాడు. “సన్మానమయినాక అడిగి తెచ్చేసుకుందుం. పాక మీద కప్పితే వాన కారదు.”

“ఆ మొకం కింద నాను పడుకోను,” అంది ఆమె.

సాయంత్రం శాలువా కప్పారు. దండ వేయబోతే ఆమె ముందు వరసలోంచి లేచి, “మెడలో ఎయ్యకండి బాబూ, సేతికిచ్చీండి,” అంది. చేతికే ఇచ్చారు. మాట్లాడమంటే, “నాకేటి మాటలొచ్చు?” అని ఆయన దండ పట్టుకుని నిలబడిపోయాడు. కనురెప్ప కూడా వేయకుండా, నోరు మూసుకుని, ఎటో చూస్తున్నాడు. పొద్దున ఫ్లెక్సీ మీద చూసిన మొహమే.

“ఏదొకటి మాటాడు,” అంది ఆమె కిందనుంచి.

“ఏటి మాటాడమంటావు?”

“ఏదైతే ఏటి? ఆపకు.”

ఏ వీధి కాలవలో ఎవరి పరుపు అడ్డుపడిందో, ఏ కల్యాణమండపం విస్తళ్ళు ఎక్కడ తేలాయో చెప్పుకుంటూ పోయాడు. జనం పడీ పడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వింటూ కూర్చుంది.